మచ్చు స్వరముల చరిత్ర



ధాన్యపు వర్తకుడు మీ గ్రామమునకు వచ్చినపుడు గాదెలోని ధాన్యమంతయు క్రుమ్మరింపించి చూడడు. పిడికెడు గింజలు చేత బట్టి, నలిపి, ఊది, ఒకటి రెండు కొరికి చూచి వెల చెప్పును. ఆ పిడికెడును మనము మచ్చు అందుము. నేడు సంగీతలోకమున అట్టి మచ్చుల వ్యాపారమొకటి సాగుచున్నది. వాద్యకారులు వాయించిన స్వరములను ఒక్కొక్కటిగా పట్టి, కంప్యూటరునందు దాచి, వానిని లోకమునకు అమ్ముచున్నారు. ఆంగ్లమున వీనిని శాంపిళ్లు అందురు. వానిని కొన్నవాడు తన గదిలో ఒంటరిగా కూర్చుండి, హార్మోనియము మెట్లవంటి మెట్లపై వ్రేళ్లాడించి, తొంబదిమంది వాయించినట్టి సంగీతమును కూర్చుచున్నాడు.

ఈ విషయము గ్రామపెద్దలకేల అని మీరడుగవచ్చును. మీ యిండ్లలోని యువకులు నాటకములకును, చిన్న చలనచిత్రములకును, భక్తిగీతములకును ఇంటనే సంగీతము కూర్చుచున్నారు. వారిలో నొకడు ఏదో యొకనాడు మీ యెదుట నిలిచి, ఇన్నివేల రూపాయలు కావలెనని అడుగును. ఆ ధనము దేనికి పోవుచున్నదో, ఎంత యిచ్చుట తగునో, ఏమియు నియ్యకయే పని జరుగునో తెలిసికొనుటకు ఈ వస్తువు పుట్టుపూర్వోత్తరములు ఎరుగుట మంచిది. దీని వెల సుమారు నలుబది సంవత్సరములలో లక్షలనుండి సున్నకు దిగినది. అట్లు దిగుచున్నపుడు మనకు దక్కినదేమి, దక్కనిదేమి అను లెక్క దీని చరిత్రలోనే కలదు.

ఇట్టి కథ మనకు బొత్తిగా క్రొత్తది కాదు. 1840 ప్రాంతమున పారిస్ నగరమున అలెగ్జాండర్ దెబేన్ అనునతడు హార్మోనియమును రూపొందించెను. కాళ్లతో త్రొక్కి గాలి పుట్టింపవలసిన ఆ పెద్ద పెట్టెను, ఆ శతాబ్దపు ఉత్తరార్ధమున కలకత్తాలో ద్వారకానాథ ఘోష్ చిన్నదిగా మార్చి, నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి ఆడించుచు మరియొక చేత వాయించునట్లు చేసెను. అది వీణకన్న చౌక. మాటిమాటికి శ్రుతి చేయు బెడద లేదు. బండిలో వేసికొని ఊరూర త్రిప్పవచ్చును. అందుచేత అది మన పద్యనాటకములను ఏలినది. ఒక్క హార్మోనిస్టు రాజసభకును, యుద్ధరంగమునకును, శోకఘట్టమునకును తానే వాద్యబృందమై నిలిచెను. తెల్లవారుజాము వరకు నాటకము చూచిన పెద్దలకు ఆ పెట్టె విలువ వేరుగా చెప్పనక్కరలేదు.

అయినను సంగీతజ్ఞులు దానిని సందేహించిరి. దాని రీడులు స్థిరములు. స్వరమునుండి స్వరమునకు జారుట, ఊగుట, ఒదుగుట దానికి చేతకావు. గమకమే ప్రాణమైన మన సంగీతమునకు ఇది లోపమని వాదము చెలరేగెను. తుదకు 1940 మార్చి 1వ తేదినుండి ఆలిండియా రేడియో హార్మోనియమును తన ప్రసారములనుండి వెలివేసినది. ఆ నిషేధము సుమారు మూడు దశాబ్దములు నిలిచి 1971లో సడలినది. రేడియోలో వెలియైనన్ని యేండ్లును నాటకశాలలో అది పూజలందుచునే యుండెను. దాని లోపము గూర్చి పండితులు చెప్పినది నిజము. దాని ఉపయోగము గూర్చి నాటకసమాజములవారు చెప్పినదియు నిజమే. ఒకే వస్తువు ఒక పనికి తగి, మరియొక పనికి తగకపోవుట ఇక్కడ మనకు స్పష్టముగా కానవచ్చును. ముందు చెప్పబోవు కథలో ఈ సంగతి పలుమారు అక్కరకు వచ్చును.

ఇక పాశ్చాత్యుల మహావాద్యబృందము, అనగా ఆర్కెస్ట్రా, ఎట్టిదో చూతము. అందు నాలుగు వర్గములు కలవు. కమానుతో వాయించు ఫిడేళ్లును, వాని కుటుంబములోని పెద్ద వాద్యములును మొదటి వర్గము. కొయ్యతో పుట్టిన వేణువు మొదలగు ఊదు వాద్యములు రెండవది. ఇత్తడి కొమ్ములును బాకాలును మూడవది. భేరులు మొదలగునవి నాలుగవది. మొత్తము ఎనుబది తొంబది మంది కూడి వాయింతురు. ఇందరికి ఒక్కపూట కూలి, వారు కూర్చుండుటకు విశాలమైన మందిరము, నాదమును పట్టు యంత్రములు, వానిని నడుపు నిపుణులు, వీనికెల్ల అగు వ్యయము సామాన్యుడు భరింపదగినది కాదు. కూర్చిన సంగీతమును ఒక్కమారైన చెవులార వినకయే మరణించిన సంగీతకర్తలు పాశ్చాత్య దేశములలో ఎందరో కలరు. కాగితముపై వ్రాసినది ఎట్లు మ్రోగునో వినవలెనను ఆ పేదకోరికయే ఈ యంత్రములకు వేగిరపాటు కలిగించినది.

మొదటి యత్నము అమెరికాలో జరిగెను. హారీ ఛాంబర్లిన్ అనునతడు 1940ల చివర ఒక వింతపెట్టెను నిర్మించెను. ప్రతి మెట్టు క్రిందను ఒక టేపుముక్క యుండును. మెట్టు నొక్కగానే ఆ టేపుపై ముందుగా పట్టియుంచిన స్వరము మ్రోగును. అదే పద్ధతిని పెంపొందించి 1963లో ఇంగ్లండు దేశపు బర్మింగ్‌హామ్ నగరమున మెలోట్రాన్ అను వాద్యము తయారయ్యెను. అందు వేణువు మెట్టు నొక్కినచో నిజమైన వేణువే పలుకును. ఏలయన నిజమైన మనుష్యుడు ఊదిన ఊపిరియే ఆ టేపుపై నున్నది. కాని ఆ టేపు నిడివి సుమారు 8 సెకండ్లు మాత్రమే. అటుపై మెట్టు విడువక తప్పదు. విడిచినంతనే టేపు వెనుకకు పోయి మరల మొదటికి వచ్చును. ఈ లోపముతోనే ఆ పెట్టె ప్రసిద్ధి కెక్కెను. 1967లో బీటిల్స్ బృందము వెలువరించిన స్ట్రాబెరీ ఫీల్డ్స్ ఫరెవర్ అను పాట మొదట వినబడు వేణునాదము దానిదే.

టేపు త్రెగును, సాగును, తేమకు చెడును. నాదమును అంకెలుగా మార్చి దాచు విద్య వచ్చిన పిమ్మట గాని ఈ బెడద తీరలేదు. 1979లో ఆస్ట్రేలియా దేశపు సిడ్నీ నగరమున పీటర్ వోగెల్, కిమ్ రైరీ అను నిరువురు ఫెయిర్‌లైట్ అను కంప్యూటరు వాద్యమును వెలువరించిరి. ఏ ధ్వనినైనను అందు పట్టి, మెట్లపై పరచి, హెచ్చుతగ్గు స్థాయిలలో వాయింపవచ్చును. ఆ యంత్రముతో వచ్చిన ధ్వనులలో నొకటి స్ట్రావిన్‌స్కీ 1910లో కూర్చిన ఫైర్‌బర్డ్ అను నృత్యనాటకమునుండి గ్రహించిన ఒక్క దెబ్బ. మహావాద్యబృందమంతయు ఒక్కసారిగా వేసిన ఆ దెబ్బ ఒక్క వ్రేలి క్రిందికి వచ్చెను. 1980లలో అది లెక్కలేనన్ని పాటలలో మ్రోగినది. అయితే ఫెయిర్‌లైట్ వెల 20,000 డాలర్లకు పైమాట. నాటి మారకమున అది మన లక్షన్నర రూపాయలకు మించినది. దానిని కొనగలవారు ధనికులైన గాయకులును, పెద్ద స్టూడియోలును మాత్రమే.

అక్కడినుండి వెల దిగుట ప్రారంభమైనది. 1981లో అమెరికాలో ఎమ్యులేటర్ అను యంత్రము 8,000 డాలర్ల ప్రాంతమున దొరకినది. 1984లో ఎన్‌సోనిక్ సంస్థవారి మిరాజ్ 1,700 డాలర్లకు లోపుగా వచ్చెను. ఈ నడుమ 1983లో మరియొక గొప్ప మేలు జరిగినది. జపాను, అమెరికా దేశముల వాద్యనిర్మాతలు పోటీ మాని ఒక ఒప్పందమునకు వచ్చి, ఒక సంస్థవారి వాద్యము మరియొక సంస్థవారి వాద్యముతో సంభాషించుటకు మిడి అను ఉమ్మడి భాషను ఏర్పరచిరి. ఏ మెట్టు, ఎంత బలముగా, ఎంతసేపు నొక్కబడినదో తెలుపు భాష యది. అందు నాదముండదు, ఆజ్ఞ మాత్రమే యుండును. నేటికిని కంప్యూటరులోని మచ్చు స్వరములను పలికించునది ఆ భాషయే. తూనికరాళ్లు ఊరికొక తీరున నున్నంతకాలము సంత పెరుగదు; అవి ఒక్కటైన పిమ్మట పెరుగును. ఇక్కడను అదియే జరిగెను.

దక్షిణదేశమునకు ఈ విద్య మద్రాసు చలనచిత్రసీమ ద్వారమున వచ్చెను. అంతకు ముందు తెలుగు, తమిళ చిత్రముల పాటలకు మద్రాసు స్టూడియోలలో ఫిడేలు వాద్యకారులు పదులకొలది బారులు తీర్చి కూర్చుండి వాయించువారు. ఒక్కరు తప్పినను పాట మొదటినుండి మరల పట్టవలసి వచ్చెడిది. 1989లో ఏ. ఆర్. రెహమాన్ తన యింటి ఆవరణములోనే పంచతన్ అను స్టూడియోను నెలకొల్పి, కంప్యూటరును మచ్చు స్వరములను ప్రధానముగా గైకొని పనిచేసెను. 1992లో రోజా చిత్రముతో ఆ పద్ధతి దేశమంతట వినబడెను. పాట కూర్చు విధమే మారెను. వాద్యకారులందరు ఒకచోట కూడవలసిన అగత్యము తగ్గెను. దానితో వారికి దొరకు పనియు తగ్గెను. ఈ మాట మరల ప్రస్తావింతును.

1990ల నాటి యంత్రములకు జ్ఞాపకశక్తి స్వల్పము. ఒక దీర్ఘస్వరమును పూర్తిగా దాచుటకు చోటు చాలక, దానిలో ఒక భాగమునే మరల మరల త్రిప్పి మ్రోగించెడివారు. చెవి దానిని వెంటనే పసిగట్టెడిది. 1998లో వెలువడిన గిగాశాంపిలర్ అను సాఫ్ట్‌వేరు ఈ చిక్కు విప్పినది. స్వరపు మొదటి భాగమును మాత్రము జ్ఞాపకమున నుంచి, అది మ్రోగుచుండగనే తక్కిన భాగమును కంప్యూటరు డిస్కునుండి తెప్పించు ఉపాయమది. వంటయింటి డబ్బాలో పూటకు సరిపడు బియ్యముంచుకొని, అవి తరుగుచుండగనే గాదెనుండి తెచ్చుకొనుట వంటిదే. ఇట్లు గాదె యెంత పెద్దదైనను చిక్కులేకపోయెను.

అంతట 2000 సంవత్సరమున ఆస్ట్రియా దేశపు వియన్నా నగరమున హెర్బ్ తుక్‌మండల్ అను చెల్లో వాద్యకారుడు వియన్నా సింఫోనిక్ లైబ్రరీ అను సంస్థను స్థాపించెను. బయటి చప్పుడు చొరని గదిని కట్టి, అందు వాద్యకారులను కూర్చుండబెట్టి, ఒక్కొక్క స్వరమును పట్టసాగిరి. ఈ పని యెంతటిదో ఒక చిన్న లెక్కతో చూపెదను. ఫిడేలుపై 44 స్వరస్థానములనుకొందము. ఒక్కొక్కటి మెల్లగా, కొంత గట్టిగా, మరికొంత గట్టిగా, మిక్కిలి గట్టిగా నాలుగు బలములతో వాయింపవలెను. దీర్ఘమైన కమాను, పొట్టి కమాను, మీటు, వణకు, ఎగురు అని అయిదు విధములనుకొందము. మొత్తము 880. ఒకే ముద్రణము వెంటవెంట మ్రోగినచో యంత్రమని తెలిసిపోవును గనుక ప్రతిదానిని రెండేసిమార్లు వాయించి మార్చి మార్చి వాడుదురు. అప్పుడు 1,760. ఇది ఒక్క వాద్యమునకు అతి తక్కువ లెక్క. ఆ సంస్థవారు మరియొక అడుగు వేసి, స్వరమునుండి స్వరమునకు సాగు నడకను గూడ పట్టిరి. ఒక స్వరమునుండి పైకి పండ్రెండు, క్రిందికి పండ్రెండు, వెరసి ఇరువదినాలుగు నడకలు. వీనిని ప్రతి స్వరమునకును పట్టవలెను. సాఫ్ట్‌వేరు వెల హెచ్చగుటకు ఇట్టి శ్రమయే ముఖ్యకారణము. చౌకదానిలో తగ్గించునదియు సాధారణముగా ఇట్టి విభేదములనే.

వియన్నా వారి సరకు నిపుణులకు. సామాన్యునకై 2004లో అమెరికాలో గేరీ గారిటన్ తన పేరుతోనే పర్సనల్ ఆర్కెస్ట్రా అనుదానిని తక్కువ వెలకు తెచ్చెను. చిన్న కంప్యూటరుపై గూడ అది నడచెను. పాఠశాలలలో సంగీతము నేర్చువారును, కాగితముపై వ్రాసినది విని సరిదిద్దుకొనగోరువారును దానిని ఆదరించిరి. మహావాద్యబృందపు మచ్చు సామాన్యుని యింటికి చేరినది ఈ దశలోనే యని చెప్పవచ్చును.

ఇప్పుడు రేడియోకు సంబంధించిన ఒక సంగతి. లండనులోని బి.బి.సి. వారు 1930లో తమ ప్రసారములకై బి.బి.సి. సింఫనీ ఆర్కెస్ట్రాను ఏర్పరచిరి. 1934 నుండి మైడా వేల్ అనుచోట నున్న స్టూడియో దానికి నివాసమైనది. తొంబది యేండ్ల ఆ రేడియో వాద్యబృందమునే, ఆ మందిరముననే కూర్చుండబెట్టి, స్పిట్‌ఫైర్ ఆడియో అను సంస్థ స్వరములన్నిటిని పట్టి 2019లో వెలువరించినది. దాని పూర్తిరూపము కంప్యూటరులో దాదాపు 600 గిగాబైట్ల చోటు కోరును. అప్పటి వెల వేయి డాలర్లకు చేరువ. మరుసటి సంవత్సరము, అనగా 2020లో, అదే స్వరములలో ఏరిన కొన్నిటితో డిస్కవర్ అను చిన్న రూపమును విడుదల చేసిరి. ముప్పదికి పైగా వాద్యములు గల ఆ రూపము 200 మెగాబైట్లకు అటునిటు. పెద్దదానిలో సుమారు మూడువేలవ వంతు. అప్పటి వెల 49 పౌనులు, నాటి మారకమున సుమారు 4,600 రూపాయలు. ఒక ప్రశ్నపత్రమును పూరించి కొన్నిదినములు వేచియున్నవారికి ఉచితముగనే యిచ్చిరి.

ఉచితముగా దొరకునవి మరికొన్ని కలవు. లండనులోని ఫిల్హార్మోనియా ఆర్కెస్ట్రావారు తమ వాద్యకారులు వాయించిన వేలకొలది విడి స్వరములను ఎవరైనను గైకొనునట్లు ఉంచిరి. అమెరికాలో వర్సిలియన్ స్టూడియోస్ వారు తమ వాద్యబృందపు మచ్చులలో కొన్నిటిని కమ్యూనిటీ ఎడిషన్ అను పేర, ఏ హక్కును తమకు మిగుల్చుకొనక లోకమునకు వదలిరి. స్వరలిపి వ్రాయుటకు ఉపకరించు మ్యూజ్‌స్కోర్ అను ఉచిత సాఫ్ట్‌వేరు 2022 డిసెంబరులో తన నాల్గవ రూపముతోపాటు మంచి వాద్యబృందపు ధ్వనులను గూడ ఉచితముగా చేర్చినది. కావున నేడు ఒక కంప్యూటరున్న యింట, ఒక్క రూపాయి వెచ్చింపకయే వాద్యబృందమునకు సంగీతము వ్రాసి వినవచ్చును. లక్షన్నర సున్నకు దిగుట యనగా నిదియే.

ఈ దిగుబడిని అందరు హర్షింపలేదు. మెలోట్రాన్ వచ్చిన నాడే ఇంగ్లండులోని వాద్యకారుల సంఘము తమ కూటికి ముప్పు వచ్చినదని కలతపడెను. 1982లో ఆ సంఘపు లండను శాఖ యొకటి ఇట్టి ఎలెక్ట్రానిక్ వాద్యములను నిషేధింపవలెనని తీర్మానించెను. తీర్మానము యంత్రమును ఆపలేకపోయినది. కాని ఆ భయము వట్టిది కాదు. మద్రాసులో బారులు తీర్చి కూర్చుండిన ఫిడేలు వాద్యకారుల వంటివారు ఎందరో పని తరిగి ఇతర వృత్తులు చూచుకొనవలసి వచ్చెను. మరమగ్గము వచ్చిన ఊళ్లలో చేనేతవాని యింటిని చూచినవారికి ఇది వేరుగా వర్ణింపనక్కరలేదు. అయితే ఇక్కడ నొక విశేషము కలదు. మరమగ్గము నేతగాని చేతిని వదలి నేయును. మచ్చు స్వరము మాత్రము వాద్యకారుని చేతిని వదలి పుట్టదు. ఎవరో ఒకరు ముందు కూర్చుండి ఆ స్వరమును వాయించి తీరవలెను. ఆ వాయించినవారికి ఒక్కనాటి కూలితో సరిపుచ్చవలెనా, అమ్మినప్పుడెల్ల వంతు పంచవలెనా అను ప్రశ్న నేటికిని ఈ వ్యాపారమున కలదు. కొనువాడు ఈ ప్రశ్న నడుగుట ధర్మము.

ఇక కొనుట యెట్లు అను విషయము. పై చరిత్రనుండియే కొన్ని సూత్రములు తేలుచున్నవి.

మొదట పనిని నిర్ణయింపవలెను. వ్రాసిన సంగీతము ఎట్లుండునో విని సరిచూచుకొనుటకే యైనచో ఉచితముగా దొరకునవి చాలును. వెలకు అమ్మబోవు చిత్రమునకు, ప్రకటనకు సంగీతము కూర్చువాడు మాత్రము బలములును, కమాను విధములును, స్వరముల నడుమ నడకలును గలదానిని కోరవచ్చును. హార్మోనియము నాటకమునకు తగి కచేరికి తగనట్లే, ఇచ్చటను పనినిబట్టియే యోగ్యత.

రెండవది, చాటుమాటు ఖర్చు. కొన్ని మచ్చులు తమంత తాము మ్రోగవు. జర్మనీ దేశపు నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి కాంటాక్ట్ అనుదానిలో నుంచియే మ్రోగును. దానికి ఉచితరూపమొకటి, వెల గల పూర్తిరూపమొకటి. చౌకగా దొరకు మచ్చులలో పెక్కు ఆ పూర్తిరూపమునే కోరును. ఉచితరూపములో కొన్ని నిమిషములు మ్రోగి ఆగిపోవును. చౌకయెద్దును కొని బండి లేదని తెలిసికొన్నట్లగును. అట్లే వందల గిగాబైట్ల సరకునకు వేగము గల డిస్కును, హెచ్చు జ్ఞాపకశక్తియు కావలెను. ఆ వెలను గూడ లెక్కలో వ్రాయవలెను.

మూడవది, కొనుగోలా, కౌలా అను విచారణ. 2015లో ఈస్ట్‌వెస్ట్ అను అమెరికా సంస్థ తన వాద్యబృందపు మచ్చులను నెలసరి చందాపై ఇచ్చు పద్ధతిని తెచ్చెను. మొదట కొద్ది సొమ్ముతోనే గొప్ప సరకు చేతికి వచ్చును. చందా మానిన నాడు ఆ స్వరములు మూగవోవును. మునుపు కూర్చిన పాటను తెరచి సవరింపబోయినను పలుకవు. ఒక్క పెద్దపని రెండు నెలలలో ముగియునదైనచో కౌలు మేలు. ఏండ్ల తరబడి పనిచేయదలచినవానికి చిన్నదైనను సొంతచెక్క మేలు. మరియొక మాట: చాల సంస్థలు ఒకమారు కొన్న సరకును ఇతరులకు అమ్ముటకు ఒప్పుకొనవు. పాత హార్మోనియమును అమ్ముకొన్నట్లు దీనిని అమ్ముకొనుట సాధారణముగా కుదరదు. కావున తొందరపాటు కూడదు. సంవత్సరాంతమున, విశేషించి నవంబరు చివర, వెలలు బాగుగా తగ్గించు ఆచారము ఈ వ్యాపారమున కలదు. విద్యార్థులకు తగ్గింపు ఇచ్చువారును కలరు.

నాల్గవది, మచ్చును చూచు నేర్పు. అమ్మువారు వినిపించు పాటలు నిపుణులు నెలల తరబడి తీర్చినవి. ఆ పాటను విని సరకును కొనుట, వర్తకుడు పైన పరచిన మేలిగింజలను చూచి బస్తా కొనుట వంటిది. ఒక్క ఫిడేలు, ఒక్క వేణువు, ఏ యలంకారమును లేక, మెల్లగా ఒక చరణము వాయించినపుడు ఎట్లున్నదో వినవలెను. ఒకే స్వరము వెంటవెంట ఎనిమిదిమార్లు మ్రోగించి, మేకులు కొట్టినట్లున్నదా, మనుష్యుడు వాయించినట్లున్నదా యని చెవి యొగ్గవలెను.

అయిదవది మనకు ప్రత్యేకము. ఈ మచ్చులు పాశ్చాత్య సంగీతమునకై పట్టినవి. స్వరమునుండి స్వరమునకు నడక పట్టిరి గాని, తోడి రాగమున గాంధారము ఊగు ఊపు వాని గాదెలో లేదు. ఫిడేలు గూడ పరదేశమునుండి వచ్చినదే. బాలుస్వామి దీక్షితులు దానిని కర్ణాటక సంగీతమునకు అలవరచిరి. విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడుగారు దానిచేత మనుష్యకంఠమువలె రాగమును పాడించిరి. తంత్రిపై జారు వ్రేలు, ఒత్తిడి మార్చు కమాను వారి వశమున నుండుటచేతనే అది సాధ్యమయ్యెను. మచ్చు స్వరమున ఆ వ్రేలు ఏనాడో ఎవరిదో యొకచోట ఆగిపోయినది. దానిని మనము కదల్పలేము. హార్మోనియముపై పండితులు మోపిన నేరము ఇన్ని గిగాబైట్ల పిమ్మటను మాసిపోలేదు.

దీనికి అనుభవజ్ఞులు ఆచరించు మార్గమొకటి కలదు. వెనుక నుండు సమూహనాదమును, భేరులను, కొమ్ములను మచ్చులతో నింపి, ముందు నడచు ఒక్క ఫిడేలును గాని వేణువును గాని నిజమైన వాద్యకారునిచే వాయింపించి పైన చేర్చుదురు. ఆ ఒక్క సజీవనాదముచేత వెనుకనున్న దాచిన స్వరములు గూడ ప్రాణము పోసికొన్నట్లు చెవికి తోచును. వేయి డాలర్ల సరకు కొనుటకు మారు ఉచిత సరకును గైకొని, మిగిలిన సొమ్ములో కొంత ఒక స్థానిక వాద్యకారునకు ఇచ్చినచో సంగీతమును మెరుగగును, ఒక యింట పొయ్యియు వెలుగును. నా యెరిగినంతలో ఇంతకన్న మంచి బేరము ఈ విషయమున లేదు.

2025 మార్చి 8వ తేదిన ఇళయరాజాగారు తాము రచించిన వేలియంట్ అను సింఫనీని లండను నగరమున రాయల్ ఫిల్హార్మోనిక్ సంస్థవారి వాద్యబృందముచే వాయింపజేసిరి. ఏ మచ్చునైనను కొనగల స్తోమత గలవారు, ఈ విద్యలన్నియు కన్నుల యెదుట పుట్టి పెరుగగా చూచినవారు, తుదకు తమ రచనను సజీవులైన వాద్యకారుల చేతులలోనే పెట్టిరి. గాదెలోని మచ్చు పొలమునకు మారు కాజాలదు. అయినను పొలము లేనివానికి ఆ పిడికెడే ఆధారమని మరువరాదు.

కావున మీ యింటి పిల్లవాడు ధనమడిగినపుడు వెంటనే కాదనవలదు, వెంటనే ఇయ్యవలదు. ఉచితముగా దొరకుదానితో ఒక పాట కూర్చుమనుడు. ఒక సాయంకాలము కూర్చుండి దానిని వినుడు. ఎక్కడ తనకు లోటు కలిగినదో వానినే చెప్పుమనుడు. ఫలానా వాద్యమున ఫలానా కమాను లేదు, అందుచేత ఈ చరణము పలుకలేదు అని వాడు వ్రేలు పెట్టి చూపినచో, వానికి కావలసినదేమో వానికి తెలిసినదన్నమాట. అపుడు మూట విప్పుడు. ఏమియు చూపలేక ఊరక పెద్ద పేరు చెప్పినచో, మరియొక పాట కూర్చుకొని రమ్మని పంపుడు.